తొడ నొప్పీ, తితిక్షా

మహాభారతం శాంతిపర్వంలో నారదుడు ధర్మరాజుకు ఒక కథ చెబుతాడు. పరశురాముడు అలసిపోయి, శిష్యుడు కర్ణుడి ఒళ్లో తలపెట్టుకుని నిద్రపోతాడు. ఎక్కడినుంచో ఒక పురుగు వచ్చి కర్ణుడి తొడను తొలవడం మొదలుపెడుతుంది. కదిలితే గురువుకు నిద్రాభంగం. కర్ణుడు పళ్ల బిగువున కూర్చుంటాడు. నెత్తురు కారి ఒంటికి తగిలాకగానీ పరశురాముడికి మెలకువ రాదు. అంత భక్తి చూపిన శిష్యుణ్ని ఎవరైనా మెచ్చుకుంటారు. ఆయన మెచ్చుకోడు. ఇంత బాధ ఓర్చుకున్నవాడు బ్రాహ్మణుడై ఉండడు, నిజం చెప్పమని నిలదీస్తాడు. బ్రాహ్మణుణ్నని చెప్పిన అబద్ధం బయటపడ్డాక, ప్రాణం మీదికి వచ్చిన వేళ బ్రహ్మాస్త్రం గుర్తుకు రాకుండా పోతుందని శపిస్తాడు.

శాపం పడింది అబద్ధానికే. అయినా ఆ అబద్ధాన్ని పట్టించింది మాత్రం ఓర్పు. సహనాన్ని పెద్ద గుణంగా పొగిడే సంప్రదాయమే ఈ కథనూ తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. ఒంటి నొప్పిని మౌనంగా భరించడం ఎంతవరకు సాధన, ఎక్కడినుంచి మొండితనం? రోజూ సైకిలు తొక్కేవాళ్లకు ఈ ప్రశ్న పురాణ కాలక్షేపంలో వచ్చేది కాదు. వారానికి రెండు మూడుసార్లు తొడల్లోనే మొదలవుతుంది.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద ఎండా వానా తగలని నున్నటి బాట. తెల్లవారకముందే అక్కడ హెల్మెట్లు, మిణుకు మిణుకుమనే వెనక లైట్లు కనిపిస్తాయి. ఇలా తొక్కేవాళ్లలో కొందరు బ్రెవేలనే దూరపు సైకిలు యాత్రలకు వెళతారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచెయ్యాలి. ముందు వచ్చినవాడికీ గడువు ముగిసే నిమిషాన వచ్చినవాడికీ ఒకటే గుర్తింపు, ర్యాంకులుండవు. ఎవరినీ ఓడించేది లేదు గనక, దారి పొడుగునా ప్రతి మనిషికీ ఎదురుపడేది తన ఒళ్లే.

ఎదురుగాలిలో అనంతగిరి ఎత్తు ఎక్కుతున్న మనిషి తొడను దగ్గరగా చూస్తే ఆ ఎదురుపడటం ఏమిటో తెలుస్తుంది. మోకాలి చిప్పకు కాస్త పైన, లోపలివైపు, నీటిచుక్క ఆకారంలో ఒక కండ ఉబ్బుతుంది. పెడల్ పైనుంచి కిందికి దిగే ప్రతిసారీ అది రాయిలా బిగుసుకుని, పెడల్ అడుగుకు చేరగానే వదులవుతుంది. నిమిషానికి డెబ్బై ఎనభైసార్లు ఇదే పని. మార్చడానికి ఇంక తేలిక గేరు మిగలదు. ముందు వెచ్చబడుతుంది, తరవాత మంట మొదలవుతుంది, ఆ మంట తొడ ముందుభాగమంతా పాకి నడుము దాకా వస్తుంది. అప్పుడు లోపల ఒక గొంతు ఆపెయ్యమంటుంది, ఇంకో గొంతు ఇంకాస్త అంటుంది. ఈ రెండు గొంతుల్లో తానెవరు? ఉపనిషత్తులు అడిగిన ప్రశ్నకు ఇది చాలా దగ్గరి ప్రశ్న. అడిగేవాడికి మాత్రం ఊపిరి అందడం లేదు, అంతే తేడా.

కాళ్లను కసిరి కూర్చోబెట్టొచ్చని నమ్మినవాళ్లలో జర్మనీ సైక్లిస్టు యెన్స్ వోయిట్‌ది పెద్ద పేరు. నొప్పి పుట్టినప్పుడల్లా తన కాళ్లను నోరు మూసుకొమ్మని గదమాయించేవాడు. ఆ మాట సైకిలు లోకమంతా పాకి చొక్కాల మీదికీ ఎక్కింది. 43వ పుట్టినరోజు మర్నాడు, 2014 సెప్టెంబరు 18న, స్విట్జర్లాండులోని గ్రెన్షెన్ ట్రాక్ మీద గంటలో 51.110 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టి, పోటీలకు సెలవు చెప్పాడు. ఆయనకు రెండువేల ఏళ్ల ముందే రోడ్స్ ద్వీపంలో పొసిడోనియస్ అనే స్టోయిక్ తాత్వికుడు ఇదే పని చేశాడు. రోమన్ సేనాని పాంపే తన్ను చూడవచ్చినప్పుడు, కీళ్లవాతంతో మంచం మీదే ఉండి ఉపన్యాసమిచ్చాడు. మధ్యలో బాధ పొడుచుకొచ్చినప్పుడల్లా ఆ బాధనే సంబోధించి, నువ్వెంత వేధించినా నువ్వు చెడ్డదానివని మాత్రం ఒప్పుకోనన్నాడట. ఈ ఘట్టాన్ని సిసిరో రాసిపెట్టాడు.

వీళ్లిద్దరిలో గమనించాల్సింది ఒకటుంది. కసురుకోవాలన్నా ముందు వినబడాలి. వోయిట్‌కు తన కాళ్ల మాట ప్రతి మలుపులోనూ వినబడుతూనే ఉంది. ఆ మాట అసలే వినబడకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక ప్రయోగం జరిగింది. తాత్వికులకు కూడా అది చాలా పనికొస్తుంది.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ అమన్, ఆయన సహచరులు కలిసి ఈ ప్రయోగం చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. తర్ఫీదు పొందిన ఎనిమిది మంది సైక్లిస్టుల వెన్నులోకి, నడుము దగ్గర, ఫెంటనిల్ అనే మందు ఎక్కించారు. కాళ్లకు బలమిచ్చే నరాలను అది ఆపదు. కాళ్ల కండరాల నుంచి మెదడుకు వెళ్లే కబురును మాత్రం ఆపుతుంది. తరవాత ఐదు కిలోమీటర్లు వీలైనంత వేగంగా తొక్కమన్నారు. నొప్పి అడ్డు తొలగిపోయింది గనక దూసుకుపోవాలి కదా. మొదటి సగం నిజంగానే దూసుకుపోయారు. రెండో సగంలో కాళ్లు చచ్చుబడ్డాయి. మొత్తం మీద సమయం మెరుగుపడలేదు. తొడ కండరాలు మాత్రం మామూలు కంటే బాగా ఎక్కువగా అలిసిపోయాయని కొలతల్లో తేలింది. సైకిలు దిగాక నడవడానికి కూడా కొందరు తంటాలు పడ్డారు.

అంటే ఆపెయ్యమనే గొంతు శత్రువుది కాదు. ఉన్న బలాన్ని దారి చివరిదాకా సరిపెట్టే లెక్క ఆ గొంతు దగ్గర ఉంది. దాన్ని మందుతో నొక్కేసిన మనిషి బలవంతుడు కాలేదు, తన ఒంటి పరిస్థితి తనకే తెలియనివాడయ్యాడు.

ప్రయోగశాలలో ఈ తెలియకపోవడం కాళ్ల తడబాటుతో పోయింది. మోన్ వెంటూ కొండ మీద ప్రాణమే పోయింది. 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో, నిప్పులు చెరిగే ఎండలో, ఇంగ్లండుకు చెందిన టామ్ సింప్సన్ శిఖరానికి ఇంకా ఒకటిన్నర కిలోమీటరైనా లేని చోట కూలబడ్డాడు. మళ్లీ సైకిలెక్కాడు, మళ్లీ పడ్డాడు, ఇక లేవలేదు. వయసు 29. అలసట తెలియకుండా చేసే ఆంఫెటమిన్ ఆయన రక్తంలోనూ, చొక్కా జేబులోనూ దొరికింది. ఆయన పడిన చోట రాతి స్మారకం ఉంది. ఇవాళ ఆ కొండ ఎక్కే మామూలు సైక్లిస్టులు దాని దగ్గర ఆగి, నీళ్ల సీసాలూ టోపీలూ పెట్టి వెళుతుంటారు. ఆయన్ని తప్పుపట్టడం సులువు. కాళ్ల మాట వినకపోవడమే వీరత్వమని చప్పట్లు కొట్టిన కాలం కూడా ఆ తప్పులో భాగస్వామే.

ఇక్కడ ఆధ్యాత్మిక సాధకులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. మందుతో నొప్పి తెలియకపోవడం వేరు, ధ్యానంలో తెలియకపోవడం వేరు అని. నిజమే, వేరు. అయితే ఒంటికి ఆ తేడా తెలుస్తుందా? 1896లో రమణ మహర్షి పదహారేళ్ల కుర్రవాడిగా తిరువణ్ణామలై చేరి, గుడిలోని పాతాళ లింగం గుహలో కూర్చున్నారు. వెలుగు సోకని ఆ నేలమాళిగలో చీమలూ పురుగులూ ఆయన తొడల కిందిభాగాన్ని కొరికి పుండ్లు చేశాయి. ఆయనకు తెలియలేదు. ఇతరులు చూసి, ఎత్తి బయటకు తీసుకొచ్చారు. ఆ మచ్చలు జీవితాంతం ఉండిపోయాయి. ఆయన స్థితి ఎంత ఉన్నతమైనదైనా, ఆ తొడలను కాపాడటానికి వేరొకరు రావాల్సివచ్చింది. తరవాతి జీవితంలో ఆయన అలా కూర్చుండిపోలేదు. గిరిప్రదక్షిణ చేశారు, వంటింట్లో కూరలు తరిగారు, కీళ్లనొప్పులకు తైలం రాయించుకున్నారు. చేతి మీద పుండు లేచినప్పుడు శస్త్రచికిత్సలకు ఒళ్లప్పగించారు.

బుద్ధుడి సంగతి ఇంకా స్పష్టం. ఆరేళ్లు ఒంటిని ఎండగట్టి, పొట్ట పట్టుకుంటే వెన్నెముక చేతికి తగిలేదాకా వెళ్లి, ఇది దారి కాదని లేచినవాడాయన. పాలి సూత్రాల్లో ఒక చిన్న విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సభ జరుగుతుండగా ఆయన తన వీపు నొప్పిగా ఉందనీ, కాసేపు నడుము వాలుస్తాననీ చెప్పి, ఉపదేశం కొనసాగించమని ఒకసారి ఆనందుడికి, ఇంకోసారి సారిపుత్రుడికి అప్పగిస్తాడు. నిర్వాణం పొందిన మనిషి వీపు కూడా నొప్పెడుతుంది. దాన్ని దాచుకోవాలనీ, బింకంగా కూర్చోవాలనీ ఆయనకు తోచలేదు. బాధను రెండు బాణాలతో పోల్చిన సూత్రం కూడా ఆయనదే. మొదటిది ఒంట్లో దిగుతుంది. దాని మీద ఏడుపూ, కోపమూ, భయమూ పెంచుకుంటే అది మనసులో దిగే రెండోది. ఎత్తు ఎక్కేవాడి తొడ మంట మొదటి బాణం. పోయిన నెల ఇదే ఎత్తు తేలిగ్గా ఎక్కాను, ముసలాణ్నయిపోతున్నాను, పక్కవాడు చూస్తున్నాడు అనే గొణుగుడంతా రెండోది. గేరు తగ్గిస్తే మొదటిది తగ్గుతుంది. గేరు తగ్గించడానికి సిగ్గుపడితే రెండోది పెరుగుతుంది.

తొడ నొప్పికి శిక్ష అనే అర్థం ఎలా అంటుకుందో కూడా చూడాలి. నిన్న ఎక్కువ తొక్కావు, ఇవాళ అనుభవించు అంటారు. కర్మఫలం ఎక్కడో ఖాతాలో నిలవ ఉండి తరవాత వసూలవుతుందని నమ్మినట్టే, తొక్కినప్పుడు పుట్టిన లాక్టిక్ ఆసిడ్ తొడల్లో నిలవ ఉండి మర్నాడు పీకుతుందని నమ్ముతారు. వ్యాయామశాలల్లో ఇవాళ్టికీ ఈ మాటే చెబుతున్నారు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కాళ్ల మీద చేసిన ప్రయోగాలతో అలసటకూ ఈ పదార్థానికీ ముడిపడింది. కండరాల పనిమీద పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది. తరవాత తేలిందేమిటంటే, తొక్కడం ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుంది. మర్నాటి నొప్పికి దాని దగ్గర ఏమీ మిగలదు. పైగా అది చెత్త కూడా కాదు. ఒక కండ తయారుచేసిన లాక్టేట్‌ను ఇంకో కండా, గుండే ఇంధనంగా వాడుకుంటాయని కాలిఫోర్నియాలో జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచి చూపిస్తూ వచ్చాడు. దశాబ్దాలపాటు ముద్దాయిగా నిలబెట్టిన పదార్థం ఒంటికి తిండి పెడుతోందన్నమాట.

మరి మర్నాడు, మూడోనాడు పీకే నొప్పి ఎక్కడిది? అలవాటు లేని పనికి కండ పోగుల్లో పడే అతిసన్నని చీలికలూ, వాటిని సరిచేసేటప్పటి వాపూ. చీలికల మాటను థియోడర్ హాఫ్ 1902లోనే అన్నాడు. కండ బిగిసి ఉండగానే సాగాల్సిన పనిలో ఇది ఎక్కువ. పెడల్ తొక్కేటప్పుడు తొడ కండ కురచవుతూ పనిచేస్తుంది, మెట్లు దిగేటప్పుడు సాగుతూ బరువు ఆపుతుంది. అందుకే వారానికి రెండొందల కిలోమీటర్లు తొక్కే మనిషి కూడా అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కి, బస్సెక్కకుండా కాలినడకనే దిగితే, మర్నాడు మంచం దిగడానికి గోడ పట్టుకుంటాడు. ఇన్నాళ్ల సైకిలు ఏమైపోయిందని బెంగపడక్కర్లేదు. తొడకు అది వేరే పని. మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కొన్ని వారాల్లోపు అదే పని మళ్లీ చేస్తే నొప్పి సగం కూడా ఉండదు. శిక్ష అనే మాట ఇక్కడ పొసగదు.

అలిపిరి మాట వచ్చింది గనక మొక్కుల మాట కూడా రావాలి. ఆ దారిలోనే మోకాళ్ల పర్వతం ఉంది. పవిత్రమైన కొండకు పాదం తగలకూడదని రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని ప్రతీతి. ఇవాళ్టికీ భక్తులు అక్కడ మోకాళ్ల మీద ఎక్కుతారు. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల అడవి దాటి, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచొస్తారు. వాళ్ల పాదాల పుండ్లు చూసి మూఢత్వం అనెయ్యడం అన్యాయం. అక్కడ నొప్పి ఎవరినో ఉద్దేశించినది, దానికో చిరునామా ఉంది. పక్కవాళ్లు నీళ్లిస్తారు, దారిలో ఊళ్లు అన్నం పెడతాయి, కాళ్లకు నూనె రాస్తారు. నొప్పి ఎక్కువైనవాణ్ని ఎవరూ చిన్నచూపు చూడరు. గీత కూడా బాధను దానంతట దాన్ని మెచ్చుకోలేదు. పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు, డాంబికంతో శాస్త్రం చెప్పని ఘోర తపస్సు చేసి ఒంటినీ, ఆ ఒంట్లో ఉన్న తననూ కృశింపజేసేవాళ్లది అసురుల పట్టుదల అంటాడు. తొడలు వణుకుతున్నా ఆగకుండా, ఫోన్లో నలుగురికీ చూపించుకోవడానికి కిలోమీటర్లు పేర్చే మనిషి ఈ శ్లోకాన్ని ఒకసారి నెమ్మదిగా చదువుకోవాలి.

ఇంతవరకూ చెప్పినదానికి గట్టి ఎదురుమాట ఒకటి మిగిలి ఉంది. శంకరుల పేరుతో ప్రసిద్ధమైన వివేకచూడామణి తితిక్షను నిర్వచిస్తూ, ఏ బాధ వచ్చినా ప్రతీకారం వెతక్కుండా, చింతా విలాపమూ లేకుండా సహించడం అంటుంది. మందూ మాకూ వద్దనే కదా దాని అర్థం? అక్షరాలా తీసుకుంటే అంతే. కానీ ఆ మాట చెప్పింది ఎవరికి? ఇల్లూ వాకిలీ, రేపటి పనీ వదిలి, ఆత్మ విచారం ఒక్కటే పెట్టుకున్న సన్యాసికి. అతని దారిలో బాధకు విరుగుడు వెతుక్కోవడం ధ్యాస మళ్లించే పని. పొద్దున సైకిలు తొక్కి, పదింటికి ఆఫీసులో ఉండి, సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురావాల్సిన మనిషికి ఆ నిర్వచనంలో పనికొచ్చేవి చివరి రెండు ముక్కలు: చింత లేకపోవడం, విలపించకపోవడం. మొదటిది అతనికి ధర్మం కాదు. పతంజలి అయితే, పూర్తిగా తప్పించుకోవలసింది ఇంకా రాని బాధనని సాధనపాదంలో విడిగా చెప్పాడు. సైక్లిస్టుకు ఇది యోగశాస్త్రంలోకెల్లా దగ్గరి మాట.

రాని బాధను తప్పించే పని పెడల్ దగ్గరా సీటు దగ్గరా ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలు ఎక్కువ వంగి తొడ ముందుభాగం మీదా చిప్ప మీదా భారం పడుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు పాతిక ముప్పై డిగ్రీల వంపులో ఉంటే సరి. బరువైన గేరులో నెమ్మదిగా తొక్కడం కంటే తేలిక గేరులో చకచకా తిప్పితే తొడకు సుఖం. వారం వారం దూరం కొంచెం కొంచెమే పెంచాలి. కఠినంగా తొక్కిన మర్నాడు మానెయ్యడమో, తేలిగ్గా తిప్పడమో చెయ్యాలి. నిద్ర తగ్గించి కిలోమీటర్లు పెంచకూడదు. నొప్పి మాత్ర వేసుకుని సైకిలెక్కే అలవాటు మంచిది కాదు. ఒంట్లో నీళ్లు తగ్గిన ఎండపూట బ్రూఫెన్ లాంటివి కిడ్నీలకు చేటు. కొలెస్టరాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లకు తొడ కండలు నొప్పెడితే సైకిలును నిందించే ముందు డాక్టరుకు చెప్పాలి. విపరీతంగా తొక్కాక తొడలు ఉబ్బి, మూత్రం కోలా రంగులో వస్తే కండ కరిగి కిడ్నీలకు చేరుతోందని గుర్తు. అప్పుడు తైలాలూ కాపడాలూ వద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎంత ఓర్చుకున్నా తగ్గని నొప్పి ఎలా ఉంటుందో ఫ్రాన్స్ క్రీడాకారిణి పోలిన్ ఫెరాన్-ప్రెవో చూసింది. రోడ్డు, సైక్లోక్రాస్, మౌంటెన్ బైక్ మూడింటిలోనూ ఏకకాలంలో ప్రపంచ విజేత బిరుదులున్న మొదటి మనిషి ఆమె. 2016 రియో ఒలింపిక్స్ నాటికి ఆమె ఆట పడిపోయింది. ఒక కాలు సహకరించేది కాదు. చివరికి తెలిసిందేమిటంటే, తొడకు రక్తం తీసుకెళ్లే ఇలియాక్ ధమని గోడ దళసరెక్కి దారి ఇరుకైంది. ఏళ్ల తరబడి వంగి తొక్కే సైక్లిస్టుల్లో కనిపించే జబ్బు ఇది. గట్టిగా తొక్కినప్పుడు ఒక్క కాల్లోనే సత్తువ పోయి తొడ పట్టేస్తుంది, ఆపిన కొద్ది నిమిషాల్లో మామూలైపోతుంది. పడుకోబెట్టి పరీక్షిస్తే ఏమీ కనిపించదు గనక, మనసులోనిదేమోనని అనుకునే ప్రమాదం చాలా ఎక్కువ. 2019లో శస్త్రచికిత్స చేయించుకుంది. అదే ఏడు మౌంటెన్ బైక్ ప్రపంచ విజేత అయింది. 2024లో పారిస్ ఒలింపిక్ స్వర్ణం, 2025లో మహిళల టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది. ఆమె కాలుకు కావలసింది ఇంకాస్త ఓర్పు అని ఎవరైనా తీర్మానించి ఉంటే ఈ ముగింపు ఉండేది కాదు.

తెలుగు ఇళ్లలో ఓర్చుకో అన్న మాట చాలా తేలిగ్గా, చాలామట్టుకు ఆడపిల్లలకే, అనేస్తారు. మైదానాల్లో కోచ్‌లు పిల్లలకు అంటారు. తన బాధను తాను ఓర్చుకోవాలని నిశ్చయించుకునేవాడికి లోపలి కబురు అందుతూ ఉంటుంది. పక్కవాడికి అది అందదు. గీత రెండో అధ్యాయంలో చలీ వేడీ, సుఖమూ దుఃఖమూ వచ్చిపోయేవని, సహించమని కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు. చెప్పి ఒడ్డున కూర్చోలేదు. అదే రథంలో, అర్జునుడికి ముందు, పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. భీష్ముడి బాణాలు ఆయన ఒంటికీ తగిలాయి. ఓర్చుకోమని చెప్పే హక్కు కావాలనుకునే కోచ్ అయినా, తండ్రి అయినా, సైకిలు దళంలో పెద్దవాడైనా ముందు పక్కన కూర్చుని అడగాల్సినవి ఉన్నాయి: ఎక్కడ నొప్పి, ఒక కాలా రెండు కాళ్లా, తొక్కేటప్పుడా మర్నాడా, ఆపితే ఎంతసేపట్లో పోతోంది?